సరదాగా అల్లినది

అప్పట్లో పన్ను ఫారాలు కాగితం మీదే నింపేవాళ్లు. ఏడాదికోసారి ఆ గిడ్డంగుల ఆఫీసులో, కిటికీ పక్కనున్న జీతాల బల్ల ముందు, చిన్నా పెద్దా అందరూ వరస కట్టేవాళ్లు. బల్ల వెనక కూర్చునే ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, పంతొమ్మిదేళ్లుగా అందరి జీతాలూ లెక్కగట్టడంతో జీతాలమ్మ అన్న పేరే నిలిచిపోయింది. ఫోనెత్తి ఆవిడే "జీతాలమ్మని మాట్లాడుతున్నానండీ" అనేది.

ఫారం అడుగున ఒక గడి ఉండేది, ఇతర ఆదాయం అని. అంతదాకా గబగబా నడిచిన కలాలన్నీ అక్కడికొచ్చి ఆగిపోయేవి.

"ఇది కూడా రాయాలాండీ?"

"రాయాలి."

"ఏదో చిన్న మొత్తమేనండీ. చెప్పుకోదగ్గది కూడా కాదు."

"చెప్పుకోనక్కర్లేదు. రాస్తే చాలు."

ఆవిడ తల ఎత్తకుండానే అనేది ఆ మాట. డిస్పాచ్ గుమస్తాకి మాత్రం తల ఎత్తి మరీ చెప్పేది. ఆయనకి రెండువందల ప్లాస్టిక్ కుర్చీలున్నాయి, ఫంక్షన్లకి అద్దెకిస్తాడు. ఆఫీసులో గుమ్మం దగ్గర కాపలా మనిషి నుంచి మేనేజరు దాకా అందరి ఇళ్లలోనూ శుభకార్యాలకి ఆ కుర్చీలే వేశారు. అయినా ఏటా ఆ గడిలో 'లేదు' అని గుండ్రటి అక్షరాలతో రాసిచ్చేవాడు. కుర్చీల మాటేంటంటే అవి మా బావమరిదివండీ అనేవాడు. ఆ బావమరిదిని ఇంతవరకూ ఎవరూ చూసిన పాపాన పోలేదు.

ఆ ఏడు అందరివీ అయిపోయాక, సాయంత్రం నాలుగింటికి, జీతాలమ్మ తన ఫారం తీసింది. జీతం అంకెలన్నీ నోటికి వచ్చినవే. ఇతర ఆదాయం దగ్గరికొచ్చేసరికి ఆవిడ కలమూ ఆగింది. ఆగినందుకు తనకే నవ్వొచ్చింది. ఏడాదిగా ఆవిడ పొద్దున్నే రెండు గంటలు, ఆదివారాలు పూర్తిగా, పేము కుర్చీలకి సీట్లు అల్లుతోంది. నాన్న దగ్గర నేర్చుకున్న పని. మొదట్లో ఎదురింటి వాళ్ల కుర్చీ, తర్వాత వాళ్ల వియ్యాలవారివి నాలుగు, ఆ తర్వాత ఒక హోటలు వాళ్లవి పదహారు. వచ్చిన ప్రతి పైసా నోటు పుస్తకంలో ఉంది. కూడితే అరవై నాలుగు వేలు.

'పేము కుర్చీల అల్లిక వ్యాపారం, 64,000' అని రాసింది. వ్యాపారం అన్న మాట రాసేటప్పుడు మనసులో కాస్త గర్వపడింది కూడా, దాచుకోవడమెందుకు. ఇచ్చిన వారి సంతకం దగ్గర ఒకటి, పుచ్చుకున్న వారి సంతకం దగ్గర ఒకటి పెట్టి, 'అందినది' ముద్ర కొట్టి, అందరి ఫారాలతో పాటు కట్ట కట్టి మేనేజరు గదికి పంపేసింది.

మర్నాడు పదకొండింటికి పిలుపొచ్చింది. మేనేజరు ఆవిడకన్నా పదేళ్లు చిన్న, మర్యాదస్తుడు. ఎవరొచ్చినా కుర్చీ చూపించాకే మాట మొదలుపెట్టేవాడు.

"కూర్చోండమ్మా," అని, ఒక కవరు బల్ల మీద ఇటు జరిపాడు. "నేను ఇవ్వకుండా ఉండలేని కాగితం ఇది. ఏమనుకోకండి."

ముందస్తు అనుమతి లేకుండా ఉద్యోగి వ్యాపారం చేయుట నియమావళికి విరుద్ధమనీ, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలనీ, ఇవ్వనిచో తగు చర్య తీసుకోబడుననీ అందులో ఉంది. జీతాలమ్మకి ఆ వాక్యాలు కొత్తవి కావు. అలాంటి కాగితం వచ్చినవాళ్ల జీతాలు ఎలా ఆగుతాయో, పింఛను ఎంత తగ్గుతుందో, ఆ లెక్కలన్నీ కట్టింది తనే. ఆవిడ పింఛనుకి ఇంకా ఏడేళ్లుంది.

"నేను దాచలేదు కదండీ," అంది. "రాసిచ్చాను."

"రాశారు కాబట్టే వచ్చిందమ్మా. రాయనివాళ్ల సంగతి నా దాకా రాదు."

ఆయన ఎత్తిపొడుపుగా అనలేదు, నిజంగా బాధపడుతూనే అన్నాడు. జీతాలమ్మకి తల కొట్టేసినట్టయింది. బయటికొచ్చి బల్ల దగ్గర కూర్చుని, ఉన్న కాగితాలనే ఇటు తీసి అటు పెట్టింది. మధ్యాహ్నానికల్లా సంగతి ఆఫీసంతా పాకింది. డిస్పాచ్ గుమస్తా టీ గ్లాసు పట్టుకుని వచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"మా కొంప ముంచారు కదండీ. ఇప్పుడు అందరివీ తవ్వుతారు."

"మీకేం భయం? అవి మీ బావమరిదివి కదా."

ఆయన టీ తాగడం మానేసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆవిడ బట్టలు కూడా మార్చుకోకుండా ముందుగదిలో కూర్చుంది. హోటలు వాళ్ల కుర్చీల్లో చివరిది సగం అల్లి ఉంది. తొట్టిలో పేము బద్దలు నానుతున్నాయి. తడిసిన పేముకి ఒక వాసన ఉంటుంది, ఎండలో కాగిన నేల మీద చినుకులు పడ్డాక గడ్డివాము దగ్గర వచ్చేలాంటిది. ఆ వాసన తగిలితే చాలు, జీతాలమ్మకి ఎనిమిదేళ్లు వచ్చేస్తాయి. నాన్న పీట మీద కూర్చునేవాడు. తను కుర్చీ చట్రం కింద, నేల మీద. నాన్న పైనుంచి చిల్లులోకి బద్ద దూరిస్తే తను కిందనుంచి అందుకుని లాగాలి. నాన్న అదే ఆఫీసులో అటెండరు. అందుకని ఇంట్లో కూడా ఆఫీసు భాషే.

"కింది సెక్షన్ ఏం చేస్తోంది?"

"లాగుతోంది నాన్నా."

"మెరుపు ఎటు?"

"పైకి."

బద్దకి ఒకవైపు మెరుపుంటుంది, రెండోవైపు గరుకు. మెరుపు పైకి రాకపోతే ఆ బద్ద మొత్తం వెనక్కి తియ్యాల్సిందే. నిలువు వరసలు, వాటి మీద అడ్డం, మళ్లీ నిలువు, అప్పుడు కిందా మీదా దూరుస్తూ అడ్డం, ఆఖరికి మూలవాటంగా రెండు. ఒక్కో చిల్లులో చెక్క చీల బిగించి బద్ద జారకుండా ఆపాలి. ఆరాక వేలితో కొడితే టంగుమనాలి. ఇరుగుపొరుగు వాళ్లెవరైనా, రోజంతా ఆఫీసులో నిలబడి వచ్చి మళ్లీ ఈ పనేంటయ్యా అంటే, నాన్న నవ్వి ఒకటే మాట అనేవాడు. "ఊరికేనండీ. చేతులు ఊరుకోవు."

జీతాలమ్మ ఒక బద్ద తీసి, రెండు వేళ్ల మధ్య నీళ్లు దిగలాగి, మెరుపు చూసుకుని చిల్లులోకి దూర్చింది. కింద అందుకోవడానికి ఎవరూ లేరు కనక తనే వంగి లాగింది.

వాళ్లాయన ఆస్పత్రి లాబ్ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే మొహం చూసి కనిపెట్టాడు. మెమో చదివి, మడిచి, మళ్లీ విప్పి చదివాడు.

"పంతొమ్మిదేళ్లు అందరి చేతా రాయించావు. ఇప్పుడు నువ్వే రాసి ఇరుక్కున్నావా?"

"నవ్వకండి."

"నవ్వట్లేదు. నవ్వితే ఇవాళ వంట నేనే చెయ్యాలి. పద, బాబాయి దగ్గరికి పోదాం."

బాబాయంటే ఆవిడ నాన్నకి పినతల్లి కొడుకు. ఆడిటర్‌గా చేసి రిటైరై, వీధి చివర ఇంట్లో ఫైళ్ల మధ్య కాపురం చేస్తున్నాడు. మెమో పక్కన పెట్టి ముందు ఫారం నకలు తీసుకున్నాడు. కళ్లజోడు పైకి తోసి, కిందకి దించి, మళ్లీ చూశాడు.

"ఇదేంటే, వచ్చిందంతా ఆదాయం అని రాశావు?"

"వచ్చింది కదా బాబాయ్."

"ఖర్చులేవి?"

జీతాలమ్మ తెల్లమొహం వేసింది. జీతానికి ఖర్చులేముంటాయి? వచ్చిందే ఆదాయం, అందులోంచే పన్ను. ఇన్నేళ్లూ వేల జీతాలు అలాగే లెక్కగట్టింది. తన కుర్చీలకీ అదే లెక్క వేసేసింది. బాబాయికి నవ్వు ఆగలేదు.

"జీతాలు లెక్కగట్టేవాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేరే ఈ తప్పు. చిల్లర కొట్టువాడైనా పెట్టుబడి తీసేసి లాభం చెప్తాడు. తియ్యి నీ పుస్తకం."

పేము కట్టలకి పంతొమ్మిది వేలు. కుర్చీలు తెచ్చి దింపే బండి కూలి ఎనిమిదిన్నర. వార్నిషు, జిగురు, చీలలు మూడున్నర. ముందుగది అద్దెలోనూ కరెంటులోనూ పనికి పోయే వాటా ఆరు వేలు. బాబాయి ఒక్కోటీ అడిగి, బిల్లు చూసి, వరసలో వేశాడు. అరవై నాలుగు పోయి ఇరవై ఏడు మిగిలింది.

"రేపటి నుంచి దీనికి వేరే పుస్తకం, వేరే బాంకు ఖాతా. జీతంతో కలపకు. సవరించిన ఫారం ఇచ్చెయ్యి, తప్పేం లేదు. పనిముట్లేమైనా కొన్నావా? వాటి విలువ కూడా ఏటా కొంత తీసెయ్యొచ్చు."

"దబ్బనం, సుత్తి, చీలల డబ్బా. నాన్నవి."

"బిల్లుందా?"

"నలభై ఏళ్ల కిందటివి బాబాయ్."

"అయితే సున్నా."

"మరి నా కూలి? ఒక్కో సీటుకి పదీ పన్నెండు గంటలు పడుతుంది."

"సొంత చేతులకి కూలి ఏ లెక్కలోనూ రాదమ్మా," అన్నాడు బాబాయి, ఈసారి నవ్వకుండా. తర్వాత మెమో చేతిలోకి తీసుకున్నాడు. "దీనికి రెండు దారులు. ఇది వ్యాపారం కాదు, సరదా అని రాసిస్తే మెమో ఎగిరిపోతుంది. సరదాకి అనుమతి అక్కర్లేదు. కాకపోతే ఖర్చులు తీసెయ్యనివ్వరు, అరవై నాలుగు వేలకీ పన్ను కట్టాలి. కాదు, వ్యాపారమే అంటావా, ఇరవై ఏడుకే కడతావు. కానీ అనుమతి అడగాలి. ఇవ్వకపోతే కుర్చీలా ఉద్యోగమా తేల్చుకోవాలి. ఏది నిజమో నీకే తెలియాలి. నన్నడిగితే ఏదైనా చక్కగా రాసిపెడతాను."

దారిలో వాళ్లాయన, పన్ను నాలుగు రాళ్లు ఎక్కువైనా మొదటిదే మేలన్నాడు. ఏడేళ్లు కళ్లు మూసుకుంటే పింఛను చేతికొస్తుంది. జీతాలమ్మ అవునంది. నిజంగానే అవుననుకుంది.

రెండో రోజు మేనేజరే ముందు కదిలాడు. ఆయన మొహంలో, ఏదో మార్గం దొరికిన మనిషి సంతోషం ఉంది.

"అమ్మా, సరదాగా చేస్తున్నానని ఒక్క ముక్క రాసివ్వండి. మెమో నేను చింపేస్తాను. మీ నాన్నగారు కూడా ఇక్కడ చేసేవారట కదా, ఇదిగో చూడండి."

పాత సామాన్ల రిజిస్టరు బల్ల మీద తెరిచి ఉంది. అట్ట ఊడి, అంచులు పిండిపిండిగా రాలుతోంది. మేనేజరు వేలు పెట్టిన చోట ఎవరిదో అందమైన దస్తూరీ. 'పేము కుర్చీలు, 12. సీట్లు అటెండరు సరదాగా అల్లినది. ఖర్చు: నిల్.'

"ఆ పన్నెండూ స్టోర్లోనే ఉన్నాయి. సీట్లు చిరిగాయి గానీ టేకు చట్రాలు. పాత సామానుగా వేలం వెయ్యమంటున్నారు, నాకు మనసొప్పట్లేదు. మీరు కూడా నాన్నగారిలాగే వీలున్నప్పుడు ఓ చెయ్యి వేశారంటే బావుంటుంది. పేము ఆఫీసే కొనిస్తుంది."

ఇంత మంచిగా అడిగితే ఎవరు కాదంటారు? జీతాలమ్మ తలూపి, తాళంచెవి తీసుకుని స్టోరుకి వెళ్లింది. గుండెల మీదనుంచి బరువు దిగినట్టే ఉంది ఆవిడకి.

స్టోర్లో ఒకే కిటికీ. కుర్చీలు ఒకదాని మీద ఒకటి, కాళ్లు పైకి పెట్టి, మూలన ఉన్నాయి. బూజు దులిపి ఒకటి కిందకి దించింది. సీటు మధ్యలో తెగి, అంచుల దగ్గర మాత్రం అల్లిక అలాగే బిగిసి ఉంది. ఎక్కడా ఒక్క గరుకు వైపు పైకి రాలేదు. వేలితో రాసి చూసుకుంది. ముడులు ఎలా ఉన్నాయో చూద్దామని, అలవాటు కొద్దీ నేల మీద కూర్చుని, తల వంచి చట్రం కిందకి దూరింది. యాభై ఏళ్ల మనిషి, మోకాళ్లు కలుక్కుమన్నాయి.

చట్రం అడుగున, ముందు పట్టీ మీద, పెన్సిలుతో రాసి ఉంది. '11 గం.'

ఆ ఒకట్లు రెండూ కొంచెం ఎడమకి వాలి ఉన్నాయి. నాన్న ఒకటి అలాగే రాసేవాడు.

రెండో కుర్చీ దించింది. '12 గం.' మూడోది, '11½'. అరగంట కూడా వదల్లేదు. ఏడో దాని మీద, '13 గం. పోగు తెగి రెండు గంటలు వృథా' అని ఉంది. పన్నెండింటి మీదా ఉంది. రిజిస్టరు రాసే పెద్దమనుషులెవరూ ఏనాడూ తొంగిచూడని చోట, కింద కూర్చుని బద్ద లాగేవాళ్లకి తప్ప కనపడని చోట రాసుకున్నాడు.

జీతాలమ్మ అక్కడే మెమో కవరు వెనక అంకెలు వేసి కూడింది. నూట నలభై ఒక్క గంటలు. ఎనిమిది గంటల రోజుకి దగ్గర దగ్గర పద్దెనిమిది రోజుల పని. ఊరికేనండీ, చేతులు ఊరుకోవు అన్న మనిషి. నవ్వుతూనే అనేవాడు. ఆ నవ్వుని అప్పుడు ఆఫీసు నమ్మింది, ఇరుగుపొరుగు నమ్మారు, చట్రం కింద కూర్చున్న కూతురూ నమ్మింది. ఆవిడకి ఏడుపొచ్చింది. చీర చెంగుకి బూజు అంటుకుని ఉండటంతో మోచేత్తో తుడుచుకుంది.

మూడో రోజు పొద్దున మేనేజరు గదిలోకి రెండు కాగితాలతో వెళ్లింది. వెనకే కాపలా మనిషి ఒక పాత కుర్చీ మోసుకొచ్చి దింపి వెళ్లాడు. మొదటి కాగితం సవరించిన ఫారం. వ్యాపారం, రాబడి, ఖర్చులు, మిగులు ఇరవై ఏడు వేలు. రెండోది అనుమతి కోరుతూ దరఖాస్తు. సంవత్సరం కిందటే అడగవలసిందనీ, అడగకపోవడం తన పొరపాటేననీ అందులోనే రాసింది.

మేనేజరు చదివి నీరుగారిపోయాడు. "ఎందుకమ్మా? సరదా అంటే ఒక్క ముక్కతో తేలిపోయేది. ఇది పై ఆఫీసుకి పంపాలి. వాళ్లు కాదంటే నేనేం చెయ్యలేను."

జీతాలమ్మ కుర్చీని బల్ల మీదకెత్తి తిరగేసింది. ఫైళ్ల మీద బూజు రాలింది. ఆయన ముందుకి వంగి చదివాడు.

"పన్నెండింటి మీదా ఉందండీ. మొత్తం నూట నలభై ఒక్క గంటలు," అంది. "ఇప్పుడు ఎవరినీ ఏమీ అడగడానికి కాదు చూపిస్తోంది. మా నాన్న పోయి పదేళ్లయింది. సరదా అని రాసింది ఆయన కాదు, ఆయన గంటలు రాసుకున్నాడు. నేను కూడా గంటలు పెట్టే చేస్తున్నాను. సరదా అని నా చేత్తో రాయలేను."

"కాదంటే?"

"జీతం ఆపే కాగితం నేనే టైపు చేసిస్తాను. మీకు ఫార్మాటు వెతుక్కునే పని ఉండదు."

ఆయన ఆ కుర్చీ అడుగు వైపు మరోసారి చూశాడు. తర్వాత దరఖాస్తు మీద సిఫార్సు రాశాడు, ఆవిడ ఎదురుగానే, తుడుపులు కొట్టివేతలు లేకుండా. అందులో ఒక వాక్యం ఇది: 'స్వయంగా వెల్లడించిన ఉద్యోగిని శిక్షించినచో ఇకపై ఎవరూ వెల్లడించరు.' అదే చేత్తో రిజిస్టరు తెప్పించుకుని, 'ఖర్చు: నిల్' పక్కన ఎర్ర సిరాతో 'పని: 141 గంటలు' అని చేర్చి, సంతకం చేసి, తేదీ వేశాడు.

అనుమతి తొమ్మిదో రోజున వచ్చింది. షరతులు రెండే. ఆఫీసు వేళల్లో చెయ్యకూడదు, ఆఫీసు కుర్చీల పని ఏదీ డబ్బుకి గానీ ఊరికే గానీ ఒప్పుకోకూడదు. దాంతో ఆ పన్నెండు కుర్చీలూ ఆవిడ అల్లడానికి వీల్లేకపోయింది, వేలానికే వెళ్లాయి. ఆ మధ్యాహ్నం డిస్పాచ్ గుమస్తా బల్ల దగ్గరికొచ్చి, కిటికీలోంచి బయటికి చూస్తూ, కొత్త ఫారం ఒకటి ఇవ్వగలరా అని అడిగాడు. కిందటిది మావాడెవడో తప్పు నింపాడండీ అన్నాడు. జీతాలమ్మ ఏ వాడని అడగలేదు. ఫారంతో పాటు దరఖాస్తు నమూనా కూడా ఇచ్చింది, ఖర్చులు తీసెయ్యడం మర్చిపోకండని చెప్పి.

వేలంలో ఆవిడ ఒక్క కుర్చీయే పాడింది. పోగు తెగిన పదమూడు గంటలది. ఆదివారం పొద్దున బాబాయి కొత్త పుస్తకం చూడ్డానికి వచ్చేసరికి తొట్టిలో బద్దలు నానుతున్నాయి. వాళ్లాయన చట్రం కింద బాసింపట్టు వేసుకుని, తల ఎక్కడ పెట్టాలో తెలియక తంటాలు పడుతున్నాడు. బాబాయి వేలం రసీదు తిరగేసి చూశాడు.

"బిల్లుంది, శుభ్రంగా ఉంది. ఖర్చుల్లో వేసెయ్యనా?"

"వద్దు బాబాయ్, ఇలా ఇవ్వు," అంటూ జీతాలమ్మ రసీదు తీసుకుని నాన్న చీలల డబ్బాలో పెట్టింది. "ఇది మాత్రం సరదాకి."

తొట్టిలోంచి ఒక బద్ద తీసి నీళ్లు దిగలాగింది. మెరుపు చూసుకుని మొదటి చిల్లులోకి దూర్చింది.

"కింది సెక్షన్ ఏం చేస్తోంది?"

"లాగుతున్నానే తల్లీ," అన్నాడు ఆయన కిందనుంచి.